షిఫ్టు మారేటప్పుడు పడిపోయే సర్వరు

మామ కూతురికి అమ్మవారు పోసిందని తెలిసేసరికి నేను కినత్తుకడవులో అవ్వ ఇంటి లోపలే ఉన్నాను. శనివారం కోయంబత్తూరులో బస్సెక్కి, ఆదివారం సాయంత్రానికి తిరిగి వెళ్లిపోదామని ఒక్క జత బట్టలతో వచ్చాను. ఆదివారం మధ్యాహ్నం ఆ పిల్ల వీపు మీద నీటి బొట్లలా పొక్కులు లేచాయి. చూసిన వెంటనే అవ్వ వాకిలికి వేపమండలు కట్టేసింది. కట్టాక లోపలివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. పొక్కులు మాడాక పోసే మూడు స్నానాల్లో ఆఖరిది, మూడో నీళ్లు, పోసి మండలు విప్పేదాకా అంతే.

నేను సంచి భుజాన వేసుకున్నాను. అవ్వ అరవలేదు. వచ్చి గడప మీద కూర్చుని కాళ్లు చాపుకుంది.

"అవ్వా, నాకు రేపు ఆఫీసు ఉండాది. ప్రొబేషన్లో ఉండా."

"ఉండనీ అమ్మిణీ. తల్లి ఇంట్లోకి వచ్చుండాది. ఆమె కంటే పెద్దదా నీ ఆఫీసు?"

"ఉన్న వేలై పోతే ఇంకో ఉద్యోగం నువ్విస్తావా?"

"కంబు కూళు ఇస్తా. కూచో."

మేనేజరుకి ఫోన్ చేశాను, ఆయనైనా రమ్మంటాడేమోనని. ఆయన చాలా మర్యాదగా, ఇక్కడ అందరి ఇళ్లలో చిన్నపిల్లలున్నారు, నువ్వు మాత్రం ఇటు రావద్దు అన్నాడు. దాంతో అటు తలుపు కూడా మూసుకుంది.

మా కంపెనీది చిన్న పని. ఒక ఆఫీసులో కంప్యూటర్లన్నీ ఒకే సర్వరులోని ఫైళ్లను పంచుకునేలా సాఫ్ట్‌వేర్ చేసి అమ్ముతాం. ఏ ఫైలుని ఎవరు తెరిచారో చూసుకునే భాగం నాకు అప్పగించారు. తిరుప్పూరులో ఒక బనియన్ల కంపెనీ డిజైనర్లు దాన్ని వాడుతున్నారు. అక్కడ సర్వరు ఉన్నట్టుండి పడిపోతోంది. పడినప్పుడల్లా సేవ్ చెయ్యని పని మొత్తం పోతోంది. ఇంకోసారి పడితే మళ్లీ పెన్‌డ్రైవులే వాడుకుంటామని వాళ్లు అన్నారు. ఇంకోసారి పడితే నన్ను పర్మనెంటు చేసే మాట మర్చిపొమ్మని మేనేజరు అన్నాడు.

మా ఆఫీసులో కంప్యూటర్లు టేబుల్ దిగి బయటికి రావు. నా దగ్గరున్నది ఫోనే. మేడ మీద నీళ్ల ట్యాంకు నీడలో నిలబడితే సిగ్నల్ వచ్చేది. అందులో కోడు చదవగలను. మార్చలేను, నడిపి చూడలేను. ఆ పనికి నా పక్క సీటువాడి చేతులే దిక్కు. వాడిది మేలూరు దగ్గర ఊరు, ఇంట్లో మాలాగే తెలుగు. ఆఫీసులో ఇద్దరం తమిళమే మాట్లాడుకుంటాం. పోట్లాట మాత్రం తెలుగులో, మిగతావాళ్లకి తెలియకూడదని.

మంగళవారం వాడే ఫోన్ చేశాడు.

"సరిచేసేసినా. ఇంక పడదు."

"ఏం చేస్తివి?"

"మొత్తానికి ఒకే లాక్ వేస్తిని. ఒకరి పని ముగిస్తేనే ఇంకొకరు లోపలికి."

సర్వరులో ఒకే సమయంలో చాలా పనులు నడుస్తుంటాయి. ఒక్కో పనిని ఒక్కో థ్రెడ్ అంటాం. రెండు థ్రెడ్లు ఒకేసారి ఒకేదాని మీద చెయ్యి వేయకుండా అక్కడక్కడా లాక్ పెడతాం. వీడు ఇల్లంతటికీ కలిపి ఒకే తాళం వేశాడు.

"ఒకడు పెద్ద ఫైలు తెరిస్తే మిగతావాళ్లు స్క్రీను చూస్తా కూచోవాలా?"

"పడదు కదా."

"గోడ కూడా పడదు. గోడని అమ్ముకుంటామా?"

"అంత తెలిస్తే నువ్వొచ్చి చెయ్యి."

అది కావాలనే అన్నాడు. ఫోన్ విసిరికొట్టబోయి ఆగాను. అదొక్కటే కదా నాకున్నది.

కింద నుంచి అవ్వ గొంతు వినిపించింది. "వెలిమనిషి గొంతు ఇంట్లోకి రాకూడదని చెప్తిని కదా?"

"ఇక్కడ మనిషి ఎవరూ లేరవ్వా, ఫోను."

"లేనోడితోనా అంత సండ, అన్ని అరుపులు?"

ఇంట్లో తాలింపు లేదు, దువ్వెన లేదు, మిక్సీ చప్పుడు లేదు. పొద్దున కంబు కూళు, అంటే సజ్జ అంబలి, మధ్యాహ్నం పెరుగన్నం. పొల్లాచ్చి రోడ్డు మీద బస్సుల హారన్లు కొబ్బరితోపు దాటి స్పష్టంగా వినిపించేవి. ఒక్కొక్క హారనూ నన్ను వెక్కిరించినట్టే ఉండేది. మామ కూతురు ఒళ్లంతా పసుపు, వేపాకు ముద్ద పూసుకుని చాప మీద పడుకుని నా ఫోన్ వైపే చూసేది.

"వదినా, ఒక్క రీలు."

"కోడు చదువుతుండా."

"వారంగా అదే చూస్తుండావు. అది కదల్లేదు, నువ్వూ కదల్లేదు."

నిజమే. ఆ చిన్న స్క్రీనులో ఒక్కో లైనూ మూడు ముక్కలుగా విరిగి కనిపించేది. ఆ పిల్లకి ముద్ద పూసిన వేళ్లతోనే తోసి తోసి స్క్రీను పచ్చబడింది. నెట్‌వర్క్ తెగినప్పుడు నడిచే కోడునే పట్టుకుని రోజుల తరబడి చదివాను. అందులో తప్పేమీ లేదు.

ఈలోగా వాడి తాళం వల్ల అంతా నెమ్మదించిందని తిరుప్పూరువాళ్లు రోజూ గొడవ. సోమవారందాకా చూస్తాం, ఆ తర్వాత తీసేస్తాం అన్నారు. ఇక పౌరుషం చంపుకుని వాడికే ఫోన్ చేశాను.

"పాత క్రాష్‌లన్నీ ఎప్పుడెప్పుడు జరిగినాయో ఫొటో తీసి పంపు."

పంపాడు. అన్నీ మధ్యాహ్నం, ఇంచుమించు ఒకే వేళ.

"ఆ టైములో అక్కడ ఏమి నడుస్తాది?"

"షిఫ్టు మార్తాది. పొద్దుటోళ్లు పోతారు, సాయంత్రపోళ్లు వస్తారు. అవే డిజైన్లు, వేరే చేతులు."

అప్పుడు తట్టింది. నేను చదవాల్సింది నెట్‌వర్క్ తెగినప్పటి కోడు కాదు, ఫైలు మూసినప్పటిది.

తెరిచిన ప్రతి ఫైలుకీ సర్వరు ఒక చీటీ లాంటిది ఉంచుకుంటుంది, ఎంతమంది పట్టుకున్నారో అందులో లెక్క. ఆఖరివాడు మూసేస్తే లెక్క సున్నా, చీటీ చెత్తలోకి. కోడులో సున్నా అయిందా అని చూడటం లాక్ లోపల ఉంది, పారేయడం లాక్ బయట ఉంది. మధ్యలో రెండు లైన్లు. పొద్దుటి మనిషి మూశాడు, లెక్క సున్నా. పారేసేలోపు సాయంత్రం మనిషి అదే ఫైలు తెరిచి అదే చీటీ పట్టుకున్నాడు. అతని చేతిలో ఉండగానే అది పోయింది. అతను సేవ్ నొక్కగానే సర్వరు లేనిదాన్ని పట్టుకోబోయి పడింది.

"చూడటం, పారేయడం రెండూ ఒకే లాక్ కిందికి జరుపు" అన్నాను. "ముందు పాత కోడులో ఆ రెండిటి మధ్య కావాలనే ఒక సెకను ఆపి చూడు."

కాసేపటికి వాడు "పడింది" అన్నాడు, పెళ్లి కబురు చెప్పినట్టు. ఇంకాసేపటికి "జరిపినాక పడలేదు. ఇంతేనా? దీనికా నాకు ఇన్ని తిట్లు?"

మేనేజరు మాత్రం సంతోషపడలేదు. థ్రెడ్ల సంగతి ఆఫీసులో తేలదు, సోమవారం తిరుప్పూరు వెళ్లి షిఫ్టు మారేటప్పుడు నువ్వే నిలబడి చూడు, నిలిస్తే పర్మనెంటు లెటరిస్తాను అన్నాడు. సరిగ్గా ముందురోజు ఆదివారమే, పొక్కులు లేచిన రెండు వారాలకి, మూడో నీళ్లు.

ఆదివారం ఎండలో కాగిన వేపాకు నీళ్లు ఆ పిల్లకి పోశారు. నేను సంచితో వాకిట్లో నిలబడ్డాను. అవ్వ లెక్కలో తల్లి పట్టుకున్నవాళ్లు లోపల ఇంకెవరూ లేరు. స్టూలెక్కి మండల ముడి మీద చెయ్యి వేసింది.

"వదినా, మెడ కింద ఏమది?" అంది మామ కూతురు, చిన్నగా.

"దోమ."

ఫోన్ కెమెరా తిప్పి చూసుకున్నాను. నీటి బొట్టులా ఉంది. పక్కనే ఇంకోటి. చున్నీ మెడకి చుట్టుకుని నాలుగడుగులు వేస్తే బస్సు. నిండా మనుషులున్న బస్సు. ఆ పిల్ల నా మొహం చూసింది కానీ మరో మాట అనలేదు. అంటే బాగుండేది, దాని మీద అరిచేదాన్ని.

"విప్పొద్దవ్వా" అన్నాను.

అవ్వ దిగి, దగ్గరికొచ్చి, చున్నీ తొలగించి చూసింది. తిరిగి స్టూలెక్కి ముడి బిగించింది.

సోమవారం వాడే తిరుప్పూరు వెళ్లాడు. జ్వరంతో అదే చాప మీద పడుకుని వీడియోలో చూశాను. పొద్దుటివాళ్లు లేస్తున్నారు, సాయంత్రంవాళ్లు వస్తున్నారు, కొందరు నిలబడే కుర్చీ కోసం తొందరపడుతున్నారు. అందరూ కూర్చున్నారు. అందరి స్క్రీన్లూ వెలిగే ఉన్నాయి.

"నిలబడింది" అన్నాడు వాడు.

"లెటరు?"

"నువ్వు వచ్చి చూడలేదు కదా అంటాడు. కోడు ఆమెది, నిలబడింది నేను, రెండూ సరిపోయె అంటిని. చూస్తాం అనె."

"చూస్తామంటే?"

వాడు ఏదో చెప్పబోతుండగా అవ్వ వచ్చి ఫోను లాక్కుని, నా ఖాళీ చేతిలో ఒక వేపమండ పెట్టింది.

"దురదకి ఇది. గోరు తగలకూడదు."