బావ నోరు మూసుకున్న ఫొటో

ఆ రోజుల్లో మా ఆమదాలవలస చుట్టుపక్కల కెమెరా అంటే పెళ్లే. కెమెరా ఎత్తితే చాలు, వడ్డించేవాడు గరిటె గాల్లో ఆపేసేవాడు, తినేవాళ్లు ముద్ద చేత్తో పట్టుకుని నోరు మూసుకునేవాళ్లు, పెళ్లికొడుకు మూడో ముడి దగ్గర ఆగి నా వైపు చూసేవాడు (నేను ఊఁ అంటే గాని ముడి పడేది కాదు; ఆ లెక్కన చాలా కాపురాలకు సగం పురోహితుణ్ణి నేనే). నేను పనిచేసే స్టూడియో ఓనరు నాకు నేర్పిన విద్యంతా ఒక్క మాట. "కదిలినోడు ఫొటోలో పడడ్రా. ముందు ఆపు, ఆపి తియ్యి." ఆ విద్యతో నేను కబడ్డీ ఫొటోలు తియ్యడానికి సిద్ధపడ్డాను.

కారణం మా బావ, అంటే అక్క మొగుడు. అతను కూతకొస్తున్నాడంటే ఎదుటి జట్టువాళ్లు ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకునేవాళ్లు. ఇంట్లో గోడ నిండా అతని ఫొటోలే. కప్పుతో నిలబడి, దండతో నిలబడి, సర్పంచి పక్కన నిలబడి. ఆడుతున్నది మాత్రం ఒక్కటీ లేదు. అప్పటికే మోకాలు వాచిపోయి, ఈ ఏడుతో ఆట కట్టిపెట్టమని ఎముకల డాక్టరు చెప్పేశాడు. అదైనా ఓర్చుకున్నాడు గాని, అప్పుడే మాటలు నేర్చిన నా మేనకోడలు అలమార వైపు వేలు చూపించి, "నాన్నా, ఈ కప్పులు ఏ కొట్లో కొన్నావు?" అంది. బావ కంచం ముందు నుంచి లేచిపోయి నా దగ్గరకొచ్చాడు. "ఒరే, నాను ఆడతన్న ఫొటో ఒక్కటి కావాల. మోకాలు పోకముందే తియ్యాల. తీస్తావా నేదా, సెప్పు." అంత పొడుగు మనిషి గొంతు అలా సన్నబడితే నాకు జాలేసింది.

స్టూడియో కెమెరాతో తీసి చూశాను. బావ ఉండాల్సిన చోట పొగ పడింది. అంచేత అక్క, బావ, నేను ముగ్గురం కలిసి కొత్త కెమెరా కొనాలనుకున్నాం. అది మొదలు నేను యూట్యూబులో పడ్డాను. షట్టరు ఎంత వేగంగా మూసుకుంటుంది, సెకనుకు ఎన్ని ఫొటోలు పడతాయి, పరిగెత్తేవాడి వెంట ఫోకసు తనంతట తాను పరిగెడుతుందా, వెలుతురు తగ్గితే ఏ లెన్సు ఆదుకుంటుంది, ఇవే నా జపాలు. అన్నం తింటూ ఫోకసు గురించి చెబుతుంటే అక్క విసుక్కునేది. "మీ బావ అంత బేగి పరిగెడతాడేటిరా? కూరలు తెమ్మంటే పొద్దు గూకిపోతాది."

విశాఖపట్నం షాపులో కుర్చీలో కూర్చున్నాయన, "ఏం తీస్తారు సార్, పక్షులా?" అన్నాడు. "కాదండి, మా బావని," అన్నాను. ఆయన ఎక్కువ మెగాపిక్సెళ్లున్న కెమెరా ముందుకు తోశాడు. నేను చదువుకున్నవాణ్ణి కదా, పిక్సెళ్లు నిలబడినవాళ్లకండి, నాకు వేగం కావాలి అని ఆయనకే పాఠం చెప్పాను. బావ పక్కనే నిలబడి, "మావోడికి అన్నీ తెల్సు," అని అందరికీ వినబడేలా అన్నాడు. చివరికి ఒకటి కొన్నాం. మర్నాడు రైల్వే గేటు దగ్గర నిలబడి, దూసుకుపోతున్న బొగ్గు గూడ్సును తీశాను. పెట్టె మీద రాసిన అక్షరాలు ముత్యాల్లా పడ్డాయి. గూడ్సు బండే చిక్కింది, బావ ఓ లెక్కా అనుకున్నాను.

ఫైనలు రోజు వచ్చింది. బావకి అదే ఆఖరి ఆట. మోకాలికి గుడ్డ చుట్టి, నుదుట విభూతి పెట్టుకుని దిగాడు. నేను కోర్టు మూల మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆఖరి కూతలో ఇద్దర్ని తాకి, గాల్లోకి ఎగిరి దిగి, వెనక్కి తిరిగి గీత వైపు దూకబోతున్నాడు. నా వేలు బటను మీదే ఉంది. సరిగ్గా అప్పుడు బావకి కెమెరా కనబడింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చేస్తున్న పనే చేశాడు. ఆగాడు. జుట్టు వెనక్కి దువ్వుకున్నాడు. ఫొటోలో నోరు తెరుచుకుంటే బాగోదని నోరు మూసుకున్నాడు. కబడ్డీలో కూత ఆగితే ఆట అయిపోయినట్టే. వెనకనుంచి ఎదుటి జట్టువాళ్లు వచ్చి కాళ్లు, నడుమూ పట్టేసుకున్నారు. పట్టేసుకుని వాళ్లూ నా వైపే చూశారు. ఈల ఊదిన అంపైరు కూడా చొక్కా సర్దుకున్నాడు. సెకనుకు బోలెడు ఫొటోలు తీసే నా కెమెరా బోలెడు తీసింది. అన్నిట్లోనూ ఒక్కటే దృశ్యం, పెళ్లివారి గ్రూపు ఫొటో. ఆట ఓడిపోయాం. ఇంటికొచ్చాక అక్క ఆ ఫొటో చూసి, "మొకం మటుకు శుబ్బరంగా పడింది," అని గోడకు తగిలించింది.

మొన్న ఆ మేనకోడలు స్కూలు జట్టులో ఆడుతుంటే, "మావయ్యా, నాది తియ్యి," అంది. అదే కెమెరా దుమ్ము దులిపి పట్టుకెళ్లాను. ఫోన్ల మధ్య పుట్టిన పిల్ల, కెమెరా ఉందన్న సంగతే పట్టించుకోలేదు. కాలు గాల్లో, జుట్టు మొహం మీద, నోరు బార్లా తెరిచి, ఫొటోలో పడవలసినట్టే పడింది. ఫ్రేము కట్టించి ఇంటికి పట్టుకెళ్లి బావకి చూపించాను. "మొకం పడనేదురా. నోరు మూసుకోమని సెప్పకపోయావా," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కాని అతను ఫొటో తిరిగివ్వలేదు. చాలాసేపు దాన్నే చూసి, మెల్లిగా, "ఒరే, నా కాలు కూడా ఇంతెత్తు లేసీదా?" అని అడిగాడు. అప్పుడు తెలిసింది నాకు, ఊరంతా చూసిన అతని ఆటని చూడనివాడు అతనొక్కడేనని.

"ఇంకా ఎత్తు లేసీది బావా," అన్నాను. "లేసీదే," అంది అక్క వంటింట్లోంచి. పిల్ల వాళ్ల నాన్న మోకాలి వైపోసారి, మొహం వైపోసారి చూసింది. వెళ్లి అలమారలోంచి ఒక కప్పు తీసి, వాళ్లమ్మలా పైట చెంగు కోసం వెతుక్కుని, అది లేకపోయేసరికి చున్నీతో తుడిచి మళ్లీ పెట్టింది. బావ కళ్లు తడిశాయి. ఆ ఫొటోకి మేకు కొడదామని నేను లేవబోతే నా మోకాలు టక్కుమంది. "నీదీ అయిపోనాదేటిరా," అని బావ నవ్వాడు. మేకు అతనే కొట్టాడు.