రోప్ విప్పాక మిగిలిన తిమ్మిరి

ఫిల్మ్‌నగర్‌లో మా ఆసుపత్రి ఎమర్జెన్సీకి నడుం నొప్పితో వచ్చేవాళ్లకు కొదవ లేదు. సినిమావాళ్లయితే ఇంజెక్షన్ చేయించుకుని వెంటనే సెట్‌కు పరుగెత్తాలని చూస్తారు. చాలామందికి కండరం పట్టేయడమే. మందిచ్చి, మంచానికి అతుక్కుపోకుండా మెల్లగా తిరగమని పంపేస్తాను. కానీ మూత్రం, విరేచనం, కాళ్ల మధ్య తిమ్మిరి గురించి నాలుగు ఇబ్బందికరమైన ప్రశ్నలు అడక్కుండా మాత్రం ఎవరినీ వదలను. ఈ విషయంలో నేను మొండిదాన్నని నర్సులందరికీ తెలుసు.

ఆ మధ్యాహ్నం యూసుఫ్‌గూడలో ఉండే ఒక ఫైటర్‌ను మోసుకొచ్చారు. ఒంటి మీద ఇంకా షూటింగ్ పోలీసు డ్రెస్సే ఉంది. పొద్దున రోప్ షాట్‌లో, అంటే నడుముకూ తొడలకూ బెల్టులు బిగించి తాడుతో గాల్లోకి లేపే షాట్‌లో, నడుం కలుక్కుమందట. వెంట వచ్చిన మేనేజరు, ఒక ఇంజెక్షన్ ఇచ్చేస్తే చాలండీ, ఇంకొక్క షాటే మిగిలింది అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇంజెక్షన్ ఇప్పించాను గానీ, మేనేజరును బయట కూర్చోమన్నాను.

తర్వాత నా ప్రశ్నలు మొదలుపెట్టాను. కాళ్ల మధ్య తిమ్మిరిగా ఉందా అంటే ఫైటర్ సిగ్గుతో ముఖం తిప్పుకున్నాడు.

"రోప్ కట్టినప్పుడల్లా గట్లనే అయితది మేడమ్. బెల్టు ఒత్తుకుంటది గద."

"మరి బెల్టు ఎప్పుడు విప్పారు?"

"పొద్దుగాల్నే."

ఆ మాట అన్నాక తనే తొడ తడిమి చూసుకున్నాడు. అతని ముఖంలో మొదటిసారి భయం చూశాను. పొద్దుటి నుంచి మూత్రం రాలేదని కూడా అప్పుడే చెప్పాడు. ఎండకు ఒంట్లో నీళ్లన్నీ చెమటైపోయాయనుకున్నాడట.

జారిన డిస్కు వెన్ను కింది నరాలను నొక్కేస్తోందని నా అనుమానం. ఆలస్యమైతే మూత్రం మీద పట్టు జీవితాంతం తిరిగి రాకపోవచ్చు. మేనేజరు, షాట్ అవగానే సాయంత్రం తనే తీసుకొస్తానన్నాడు. కుదరదన్నాను. ఎమ్మారై దగ్గర వరుసలో ఉన్నవాళ్లను ఆపించాను. సర్జన్‌ను ఓపీ మధ్యలోంచి లేపి తీసుకొచ్చాను. అనుమానం నిజమైంది. చీకటి పడేలోపే ఆపరేషన్ థియేటర్‌కు పంపించాం.

మర్నాడు వార్డుకు వెళ్లి, నిన్న తిమ్మిరెక్కి ఉన్న తొడ లోపలి వైపు సూది మొనతో మెల్లగా తాకాను. అతను ఊపిరి బిగబట్టాడు.

"నొస్తున్నది మేడమ్," అన్నాడు, కళ్లలో నీళ్లతో.

నాకు ప్రాణం లేచొచ్చింది. నమ్మకం కోసం ఇంకోసారి తాకాను.