నీళ్లలో తేలిన సందేహం

కరెంటు ఆఫీసు కంట్రోల్ రూంలో ఏళ్ల తరబడి పనిచేసి, నలభై ఆరో ఏట ఉద్యోగం మానేసింది ఆమె. పొడుగు మనిషి, పెద్ద అంగలు, అంతకంటే పెద్ద గొంతు. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఈతకొలనుకు వెళ్లి, నీళ్లంటే హడలిపోయే నడివయసు ఆడవాళ్లకు ఈత నేర్పుతుంది. ఎవరినీ కసరదు, తొందరపెట్టదు. వీపు కింద అరచెయ్యి ఆనించి, వాళ్ల భయం తీరేదాకా ఓపిగ్గా నిలబడుతుంది. ఆడపడుచుకు మాత్రం ఇదంతా నవ్వులాట. "పొద్దున లేస్తే పరుగు, నెల తిరిగితే ఫీజు. దీన్ని రిటైర్మెంటంటారా వదినా? పెనం మీంచి పొయ్యిలో పడ్డావు!" అనేది. ఆమె నవ్వేసేది గానీ, నిజంగా ఉద్యోగం మానేశానా అన్న అనుమానం లోలోపల తనకూ ఉండేది.

చివరికి ఆ ఆడపడుచూ ఈతకొచ్చింది. మొదటిసారి వెల్లకిలా తేలుతూ, కళ్లు గట్టిగా మూసుకుని, "వదిలెయ్యకు వదినా, నీకు పుణ్యముంటుంది" అని గొణుగుతుండగా గట్టు మీద ఫోను మోగింది. కాపలాదారు ఎత్తి, "మేడం, మీ పాతాఫీసు! కొత్తవాళ్లకేదో సందేహమట, అర్జెంటట" అని అరిచాడు. ఒకప్పుడైతే ఆ మోత వింటే నోటి దగ్గరి ముద్ద వదిలేసి పరుగెత్తేది. ఇప్పుడు తల కూడా తిప్పలేదు. "పక్కనే పెద్దింజనీరుంటాడు, ఆయన్నడగమను" అంది. ఆడపడుచు ఒక కన్ను తెరిచింది.

"నిజంగానే మానేశావే వదినా!"

"అవునే," అందామె ఆశ్చర్యంగా. "నాకూ ఇప్పుడే తెలిసింది."