విసనకర్ర

ఉపన్యాసాల క్లాసులో ఆ అమ్మాయిని ఎవరూ అసలు పేరుతో పిలవరు. అందరికీ ఆమె విసనకర్రే. మాట్లాడటానికి నిలబడగానే చేతిలోని కాగితం టపటపా కొట్టుకుంటుంది. ముందు బెంచీవాళ్లు చల్లగాలి తగిలినట్టు హాయిగా కళ్లు మూసుకుంటారు. ఆమె మునివేళ్ల మీద లేచి, గోడ గడియారానికి రెండు ముక్కలు అప్పజెప్పి, "అంతే సార్" అని చటుక్కున కూర్చుంటుంది. ఇంట్లో మాత్రం ఆ నోటిని ఆపడం ఎవరి తరమూ కాదు. తమ్ముడు తిన్న కంచం బల్లమీదే వదిలేసి లేచాడా, ఆమె గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది.

ఆ రోజు మాట్లాడాల్సింది ఇంటిపని గురించి. మొదటి వాక్యం గడియారానికి అప్పజెప్పి, రెండోదాని కోసం కాగితంలో వెతుక్కుంది. ఆఖరి బెంచీలో ఒకడు కాళ్లు బారజాపి ఆవలిస్తూ, "ఇంటిపనిలో చెప్పడానికేముంది?" అన్నాడు. అచ్చం తమ్ముడి ఆవలింతే. ఆమె మడమలు నేలకు ఆనాయి.

"ఏం లేదా? పొద్దున నువ్వు తిన్న కంచం ఎవరు కడిగారో చెప్పు!"

"మా అమ్మ." క్లాసు గొల్లున నవ్వింది.

"ఆవిడ తిన్నదో లేదో అడిగావా?"

వాడు కాళ్లు దగ్గరికి లాక్కున్నాడు. ఇక ఆమె అడుగంటిన గిన్నె దగ్గర మొదలుపెట్టి, ఆరేసిన బట్టల మీదుగా, అమ్మ నడుంనొప్పి దాకా గడియారం వంక చూడకుండా దంచేసింది.

"టైమైందమ్మా, ఇక కూర్చో," అన్నారు మాస్టారు.

"ఉండండి సార్, ఇంకా అవలేదు," అంటూ ఆమె చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, తాపీగా విసురుకుంది.