వరహాలరావు కుక్కల పాండిత్యం

వరహాలరావుకి తెలియని విషయం లేదు. పాడేరులో ఓ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా పదకొండేళ్లు పనిచేసి, అన్నేళ్లలో ఒక్క కొండ ఊరికీ నడిచి వెళ్లని మనిషి. అయినా గిరిజనుల గురించి అడిగితే గంటసేపు ఏకధాటిగా మాట్లాడతాడు. పక్క వాటాలో అద్దెకున్న పాపానికి అవన్నీ నేను గోడకివతల నుంచి వినాల్సి వచ్చింది.

కిందటేడు అతనికి కుక్కని పెంచాలని బుద్ధి పుట్టింది. ఇంట్లో ఆరేళ్ల హాసిని, మూడేళ్ల సాయినాథ్. "చిన్నపిల్లలున్న ఇంటికి ఎలాటిది పనికొస్తాదో ఎవరినైనా అడగండి" అంది భార్య మాధవి.

"నీకేటి తెలుసు? ఫోన్లో నలభై వీడియోలు చూశాను" అన్నాడు.

విశాఖపట్నం వెళ్లి, తోటి పిల్లల్ని తొక్కుకుంటూ ముందుకొచ్చిన జర్మన్ షెపర్డ్ పిల్లని ఏరి తెచ్చాడు. ధైర్యం ఉన్న కుక్క అట. టైగర్ అని పేరు పెట్టి శిక్షణ మొదలుపెట్టాడు. "సిట్!" అని అరవడం, కూర్చోకపోతే బెల్టుతో ఒకటి వేయడం. అది తింటుంటే మూతి ముందు నుంచి గిన్నె లాగేసేవాడు, యజమాని ఎవరో తెలియాలని. కొన్నాళ్లకి అతని చెప్పుల చప్పుడు వింటేనే అది ఉచ్చ పోసుకునేది. దానికి మళ్లీ దెబ్బలు. పై అధికారి ముందు ఇతను ఎంత వంగి నిలబడతాడో నేను చూశాను. ఇంట్లో రెండు నెలల కుక్కపిల్ల దగ్గర మాత్రం మహారాజు.

ఆరు నెలలు గడిచాయి. ఓ రోజు సాయినాథ్ అచ్చం నాన్నలాగే వెళ్లి గిన్నె లాగాడు. కుక్క వాడి మణికట్టు మీద పన్ను దించింది. మాధవి పిల్లాణ్ణి ఎత్తుకుని సూదిమందుకి ఆసుపత్రికి పరుగెత్తింది. మర్నాడు వరహాలరావు టైగర్‌ని జీపెక్కించి ఘాట్‌రోడ్డు మలుపులో వదిలేసి వచ్చాడు. "జాతి మంచిది కాదు. అమ్మినవాడు మోసం చేశాడు" అన్నాడు. అన్నం కూడా మామూలుగానే తిన్నాడు.

సాయినాథ్ ఆ తర్వాత వీధిలో కుక్క కనబడితే చాలు, తల్లి చీర కుచ్చిళ్లలో దూరిపోయేవాడు. ఆ భయం పోవాలంటే మంచి కుక్కే కావాలని మాధవి అనుకుంది. మా వీధికి పనసకాయలు తెచ్చే సోంబరు తాత కుక్క ఈనిందని విని, మొగుడికి చెప్పకుండా పిల్లలతో హుకుంపేట దగ్గర అతని ఊరికి బయల్దేరింది. తోడుగా నేనూ వెళ్లాను.

సోంబరు పిల్లలిద్దర్నీ కదలకుండా నేలమీద కూర్చోబెట్టాడు. నల్లకూన ఒకటి ఉరికొచ్చి సాయినాథ్ చొక్కా పీకింది. తెల్లది గాదె కింద దూరింది. గోధుమరంగుది మెల్లిగా వచ్చి వాడి చెయ్యి వాసన చూసింది. తాత కావాలనే ఇనప గరిటె కింద పడేశాడు. అది ఉలిక్కిపడి, మళ్లీ వచ్చి గరిటెని మూచూసింది.

"ఇదమ్మా" అన్నాడు.

"నాకు తెల్లది కావాలి" అంది హాసిని.

"రంగుని ఏటి సేసుకుంటావే గుంటా?" అని నవ్వి, మాధవి వైపు తిరిగాడు. "ఇంకో రెండు వారాలు తల్లికాడే ఉండనీ. కొరికితే ఎంత నొప్పో తోటికూనల కాడే నేర్సుకుంటాది."

"తెచ్చాక ఎలా నేర్పాలి తాతా?"

"కుక్కకి తరవాత. ముందు నీ గుంటలకి నేర్పు. తిన్నప్పుడు ముట్టుకోకూడదు. తొంగున్నప్పుడు లేపకూడదు. పిలిస్తే వచ్చిందా, గుంటడి సేత్తోనే ముద్ద పెట్టించు. మీదికి దూకితే కొట్టీకండి, వెనక్కి తిరిగి నిల్సోండి సాలు."

రెండు వారాల తర్వాత కూన ఇంటికొచ్చింది. "ఊరకుక్కని తెచ్చావా?" అని వరహాలరావు చిందులేశాడు.

"మీ చదువు చూశాం. దీని జోలికి రాకండి" అంది మాధవి. ఆమె గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. అతను చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ధైర్యం అతని దగ్గర అంతే ఉంది.

సాయినాథ్ మొదట చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. మాధవి వాడి చేతి కింద తన చెయ్యి పెట్టి ముద్ద పెట్టించింది. నెల తిరిగేసరికి వాడు "మల్లీ!" అని దాన్ని పేరు పెట్టి పిలవడం, అది చెవులు ఎగరేసుకుంటూ రావడం.

ఈమధ్య అతని ఆఫీసులో ఒకాయన పిల్లల కోసం కుక్కని వెతుకుతూ సలహాకి వచ్చాడు. వరహాలరావు కాలు మీద కాలేసుకుని చెప్పాడు. అన్నీ మాధవి రోజూ పిల్లలకి చెబుతుంటే విన్న సోంబరు మాటలే. సోంబరు పేరు మాత్రం లేదు. గోడకివతల నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి కడిగేద్దామనుకున్నాను గానీ, చెప్పినది సరైనదే కదా, ఆ ఇంటి పిల్లలకీ కుక్కకీ మేలే జరుగుతుందని ఊరుకున్నాను.