నాతో పులిమేక మానేసినవాళ్లు

హొసకోట బస్సులో పక్కన కూర్చున్న గొర్రెల కాపరికి నా పులిమేక ఆట గొప్పలు చెప్పాను. నేను పులులు పట్టానంటే నిడుగల్లు కొండమీది గొర్రెలు కూడా బెదిరి అరిచేవని కోతలు కోశాను. భూములు సోలార్ పలకల కిందికి పోయి ఊరంతా తీరిగ్గా ఉన్నా, నాతో ఆడేవాడు ఒక్కడూ మిగల్లేదని వాపోయాను.

"పులులు ఎప్పుడూ నీవేనా?" అని అడిగాడాయన.

"ఇరవై ఏండ్లుగా నావే!"

"రోజూ నీ నోట పడేకి ఎవురొస్తారప్పా? ఒకసారి మేకలు పట్టుకో."

"ఓడిపోతే మానం పోదా?"

"అట్లయితే ఆ మానంతోనే ఆడుకో."

మర్నాడు పక్కింటి రామప్పను బతిమాలి కూర్చోబెట్టి పులులు ఇచ్చాను. నా మేకలన్నీ తినేసి తొడ కొట్టాడు.

"రేపు ఇంగా తొందరగా రా, మళ్లా తింటా!"

హమ్మయ్య అనుకున్నాను. ఇన్నేళ్లలో నన్ను ఆటకు రమ్మని పిలిచింది వాడొక్కడే.