అదే సమయంలో రెండోవాడు ఏం చేస్తున్నాడు?

మా సెల్లార్‌లో ఇంగ్లీషు చెప్పే మేడం పోయారు. పొద్దున పాల ప్యాకెట్లు తీసుకుని కొత్తగూడ జంక్షన్ దాటి వస్తుంటే నీళ్ల ట్యాంకర్ గుద్దింది. వెనక చక్రం తల మీది నుంచి వెళ్లింది. ఈ మాట కాస్త మెత్తగా రాయమని ఒకరిద్దరు మిత్రులు సలహా ఇచ్చారు. రాయను. చక్రం మెత్తగా వెళ్లలేదు.

మర్నాడు పేపర్లో, లోపలి పేజీలో ఓ మూల పడింది: రోడ్డు దాటుతుండగా ట్యాంకర్ ఢీకొని మహిళ మృతి. ఆ వాక్యం మేడం కంట పడితే ఊరుకునేవారు కాదు. ఆమె దాటుతుండగా, సరే, మిగతావాళ్లు ఏం చేస్తున్నారు? ట్యాంకర్ రాంగ్ రూట్‌లో వస్తోంది. దాన్ని నడిపేవాడు రాత్రంతా కన్ను మూయకుండా ట్రిప్పులు కొడుతున్నాడు. ఫుట్‌పాత్ మీద ఎవడిదో జనరేటర్ కూర్చుని ఉంది. నేలలో తడి అంతా పీల్చేసి లేచిన అపార్ట్‌మెంట్ టవర్లు ఆ ట్యాంకర్ కోసమే నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఇవన్నీ ఒకేసారి జరుగుతున్నాయి. పేపరుకి ఆమె రోడ్డు దాటడం ఒక్కటే కనిపించింది. చచ్చినవాళ్లు చేస్తున్న పని వాక్యంలో మిగులుతుంది, చంపినవాళ్లు చేస్తున్న పనులు జారిపోతాయి. దీన్ని ప్రమాదం అనమంటే నేననను.

మేడం కాకినాడ వైపు మనిషి. కాల్ సెంటర్‌లో చేరే పిల్లలకి ఇంగ్లీషు నేర్పే ఉద్యోగం చేసేవారు. వయసు మీద పడిందని కంపెనీ తీసేసింది. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బైకుల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేసి సొంతంగా క్లాసు పెట్టారు. హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు, క్యాబ్ డ్రైవర్లు, డెలివరీ వాళ్లు వచ్చేవారు. పై అంతస్తులో కూర్చుని పత్రికలకు వ్యాసాలు రాసే నాకూ ఆవిడకీ పరిచయం తగువుతోనే మొదలైంది. ఇంగ్లీషు దొరల చేతిలో కొరడా అని నేను ఉపన్యాసం ఎత్తుకుంటే ఆవిడ మధ్యలోనే తుంచేశారు.

"కొరడానే అనుకోండి. పిడి ఎటువైపు ఉంటుందో వీళ్లకి తెలియొద్దాండీ?"

మర్నాటి నుంచి నేనూ కిందికి దిగి ఓ మూల కూర్చుని క్లాసు వినడం మొదలుపెట్టాను.

ఆవిడకి ఇష్టమైన పాఠం ‘వైల్’. ఒక పని జరుగుతుండగా ఇంకో పని జరుగుతోందని చెప్పే పాఠం. పుస్తకాల్లో దానికి ఒకటే ఉదాహరణ కదా, అమ్మ వంట చేస్తుండగా నాన్న పేపరు చదువుతున్నాడు. ఆ వాక్యం ఆవిడ క్లాసులో నిషేధం. మీ వాక్యాలు మీరు తెచ్చుకోండి అనేవారు. ఒకసారి శేరిలింగంపల్లి వైపు గుడిసె పోగొట్టుకున్న ఒకావిడ లేచి, బుల్డోజర్ మా గోడ కూలుస్తుండగా నేను బియ్యం డబ్బా మోస్తున్నానని తడుముకుంటూ ఇంగ్లీషులో చెప్పింది. మేడం తల ఊపి, తన మామూలు ప్రశ్న వేశారు.

"అదే సమయంలో రెండోవాడు ఏం చేస్తున్నాడమ్మా? ఆ ఆఫీసరు?"

"ఫోన్ల ముచ్చట వెట్టుకుంట నవ్వుతుండె."

"అదీ చెప్పు. అది లేకపోతే నీ గోడ దానంతటదే పడ్డట్టుంటుంది."

ఇక క్లాసుకొచ్చే ఒక డెలివరీ అతని సంగతి. ఇద్దరు పిల్లల తండ్రి. మణికొండలో ఒక గేటెడ్ కమ్యూనిటీలో భోజనం ఇవ్వడానికి వెళ్లి, అక్కడ కాపురముండేవాళ్ల లిఫ్ట్ ఎక్కాడు. అదీ అతను చేసిన నేరం. ఇద్దరు చెరో చెయ్యి విరిచి పట్టుకుంటే మూడోవాడు అతని హెల్మెట్‌తోనే అతని మొహం పగలగొట్టాడు. కనుబొమ్మ చీలింది, ముందు పన్ను విరిగింది, తెచ్చిన అన్నం పొట్లాల మీద రక్తం పడింది. కొట్టినవాడే ముందుగా డెలివరీ కంపెనీకి ఫిర్యాదు చేశాడు, డెలివరీవాడు నా మీద చెయ్యి చేసుకున్నాడని. రుజువు కింద తన వాచిన వేళ్ల ఫోటో పెట్టాడు. ఎదుటివాడి మొహం పగలగొడితే వేళ్లు వాయవా మరి!

కంపెనీ, ఆర్డర్లు రాకుండా అతని ఐడీ ఆపేసి వీడియో కాల్‌లో విచారణ పెట్టింది. అవతలివాళ్లకి తెలుగు రాదు. ఇతను తనకొచ్చిన ఇంగ్లీషులో ఉన్నదున్నట్టే చెప్పాననుకున్నాడు: ‘ఆఫ్టర్ హోల్డింగ్ మై హ్యాండ్స్, దే బీట్ మీ.’ ఆఫ్టర్ అంటే, కొట్లాట జరిగేటప్పటికి నీ చేతులు వదిలేశారన్నమాట, అంతేనా అని వాళ్లు అడిగారు. ప్రశ్న సగమే అర్థమై, భయంతో ‘యెస్ సర్’ అన్నాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి కాబట్టి కొట్టే ఉంటాడని తేల్చారు. ఐడీ పోయింది. బతిమాలితే ఇంకొక్క కాల్‌కి ఒప్పుకున్నారు. అదీ పోతే పని పోయినట్టే, పైగా గూండా అన్న ముద్ర.

కుట్లు పడ్డ మొహంతో క్లాసుకొచ్చి మేడంనే నిలదీశాడు. "పట్టుకొని కొట్టిండ్రు మేడం. పట్టుకొని అంటే ఆఫ్టర్ హోల్డింగే గద?"

చూశారా, ఎక్కడ దెబ్బ పడిందో? పట్టుకొని కొట్టారంటే మన భాషలో చంటిపిల్లాడికి కూడా తెలుసు, పట్టు వదల్లేదని. ఆ పట్టు ఇంగ్లీషులోకి వెళ్తూ వెళ్తూ ‘ఆఫ్టర్’ దగ్గర వదులైపోయింది.

మేడం బోర్డు జోలికి వెళ్లలేదు. ఇద్దరు క్యాబ్ డ్రైవర్లని పిలిచి అతని చేతులు వెనక్కి విరిచి పట్టుకోమన్నారు. వాళ్లు మొహమాటంగా పట్టుకుంటే గట్టిగా పట్టుకోమని కసిరారు. ఎదురుగా నిలబడి అతని చెంప దాకా చెయ్యెత్తి ఆపారు.

"ఇప్పుడు నువ్వు నన్ను కొట్టు."

"ఎట్ల కొడ్త మేడం? చేతులు వీళ్ల దగ్గరున్నయి గద."

"అదే చెప్పు వాళ్లకి. వీళ్లు పట్టుకుని ఉన్నంతసేపూ వాడు కొడుతూనే ఉన్నాడని చెప్పు. ముందొకటీ తర్వాతొకటీ కాదు."

అతను ఒక్కసారిగా పెనుగులాడి ఇద్దరినీ విదిలించుకున్నాడు. కుర్చీని ఎత్తి స్తంభానికేసి కొట్టాడు. ముక్కలైంది. వాక్యం లేదు గీక్యం లేదు, ఇప్పుడే రాడ్ తీసుకుని పోతానన్నాడు. నిజం చెప్పాలంటే ఆ రాడ్ మీద నాకు గొప్ప ప్రేమ పుట్టింది. మేడం పక్కకి జరిగి దారి ఇచ్చారు.

"వెళ్లు. నువ్వు వాణ్ణి కొడుతుండగా నీ పిల్లలు ఏం చేస్తుంటారో అది చెప్పి వెళ్లు."

అతను నేల మీద కూలబడ్డాడు. తర్వాత అక్కణ్ణుంచే, విరిగిన పంటి సందులోంచి, ఒక్కో మాటా కూడగట్టుకుని అన్నాడు: ‘వైల్ టూ మెన్ వర్ హోల్డింగ్ మై హ్యాండ్స్, ద థర్డ్ మ్యాన్ వాజ్ హిట్టింగ్ మీ.’

దీని మీద నిప్పులాంటి వ్యాసం రాస్తానని ఆవిడకి చెప్పాను. తప్పకుండా రాయండి, కాల్ అయ్యాక రాయండి, అది చదివి వాళ్లు ఐడీ ఇవ్వరు కదండీ అన్నారు.

రెండో కాల్ సెల్లార్‌లోనే. ఒక బైకు ట్యాంకు మీద ఫోను నిలబెట్టి, అతన్ని ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టారు. మేము కెమెరాకి అందకుండా నిలబడ్డాం. ముందు ఎవరు కొట్టారని అడిగారు. అతను వాక్యం చెప్పాడు. మళ్లీ తిప్పి అడిగారు. మళ్లీ అదే వాక్యం. మూడోసారి అడిగితే దానికి ఎవరూ నేర్పని ముక్క ఒకటి తగిలించాడు: ‘మై హ్యాండ్స్ వర్ నాట్ విత్ మీ.’ నా చేతులు నా దగ్గర లేవు. అవతలివాళ్లు నాలుగోసారి అడగలేదు.

కొన్నాళ్లకి ఐడీ తిరిగిచ్చారు. ఆ ముగ్గురికీ ఏమీ కాలేదు. స్టేషన్‌లో రాజీ చేసుకోమన్నారు. గెలిచాం మేడం అని నేనంటే నా మీద విరుచుకుపడ్డారు. కొట్టినవాడు ఇవాళ కూడా భోజనం ఆర్డర్ పెట్టుకున్నాడు, గెలిచామని మాత్రం రాయకండి అన్నారు. రాయలేదు. ఇప్పుడూ రాయడం లేదు.

ఆ కాల్ నడుస్తున్నంతసేపూ అతను తన చేతులు తనే వెనక్కి విరిచి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాడు. ఫోను ఆగిపోయాక కూడా వదల్లేదు. గోళ్లు దిగి మణికట్టు మీద రక్తం కారింది. మేడం అతని వెనక్కి వెళ్లి నేల మీద కూర్చున్నారు. ఒక్కొక్క వేలే విడదీస్తూ ఉన్నారు.